ఇంటి అప్పు ఇంకా పద్నాలుగేళ్ళు

నెలలో ఇరవై అయిదో తారీకు వచ్చిందంటే ఆ ఇంట్లో ఇకుయో ముందు ఎవరూ నోరెత్తరు. అది జీతం పడే రోజు. పొద్దున్నే ఒక పొయ్యి మీద సూప్, ఒక పొయ్యి మీద చేప పెట్టేసి, భోజనాల బల్ల మీద ఖాళీ కవర్లు వరసగా పరుస్తుంది. తిండికి ఒకటి, కరెంటుకి ఒకటి, కూతురు మినోరి చదువుకి ఒకటి, పెళ్ళిళ్ళకీ చావులకీ ఇవ్వాల్సిన డబ్బుకి ఒకటి, మొగుడి చేతిఖర్చుకి ఒకటి. బ్యాంకు తలుపులు తెరవగానే డబ్బు తెచ్చి వాటిని నింపేదాకా ఆవిడ ప్రాణం కుదుటపడదు.

మా ఇచినొమియా ఊళ్ళో చాలా ఇళ్ళల్లోలాగే అక్కడా మొగుడి జీతం మొత్తం పెళ్ళాం చేతికే పోతుంది. ఇకుయో మొగుడు తకెహిసాకి నెలకి ఇరవై వేల యెన్లు తిరిగొస్తాయి. మధ్యాహ్నం అన్నం ఇంటి నుంచే డబ్బాలో వెళ్తుంది, బార్లీ టీ ఫ్లాస్కులో వెళ్తుంది, ఇంకేం ఖర్చుంటుంది మగాడికి, ఇరవై వేలు ధారాళం అని ఇకుయో నమ్మకం. పద్దెనిమిదేళ్ళుగా తకెహిసా ఆ నమ్మకం జోలికి పోలేదు.

ఇకుయోని పిసినారి అనే నోళ్ళు మా వీధిలో ఉన్నాయి. స్నానాల నీళ్ళు తోడి బట్టల మిషన్లో పోస్తుంది, చేపల మీద సగం ధర చీటీ అంటించేదాకా సూపర్ మార్కెట్లోనే తచ్చాడుతుంది, వారానికి మూడు రోజులు మొలకల కూరే వండుతుంది. అవన్నీ నిజమే. కానీ ముప్పై అయిదేళ్ళ ఇంటి అప్పు, దాంట్లో అప్పుడే మూడేళ్ళు కోసి పారేసింది కూడా ఆవిడే. బట్టల మిల్లులో నేతలో తప్పులు వెతికే పనికి వెళ్ళి, ఆ కూలిలో పైసా ముట్టుకోకుండా దాచి, దాచినప్పుడల్లా తీసుకెళ్ళి అసలు కింద కట్టేసేది. ఈసారి పది లక్షల యెన్లు కూడాయి. అవి కడితే ఇంకో ఏడాది పైన గడువు తగ్గుతుంది. ఆ ఉదయం ఆవిడ మొహం పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోతోంది.

"ఏవండీ, ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టి పక్కన ముద్ర వేసేయండి. తొమ్మిదింటికల్లా బ్యాంకులో ఉంటాను" అంటూ సూప్ గిన్నె పక్కకి జరిపి కాగితం పెట్టింది.

తకెహిసా కలం తీసుకున్నాడు. కాగితం వంక కాసేపు చూశాడు. కలం మళ్ళీ కింద పెట్టేశాడు.

"ఈ నెలకి వద్దులే."

"ఏం వద్దు?"

"కట్టడం. ఒక్క నెల ఆగుదాం."

"మనం ఆగితే వడ్డీ ఆగుతుందా? ఎందుకాగాలి?"

"ఊరికే. ఆగుదామంటున్నా కదా" అని లేచాడు. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, "వెళ్ళొస్తా" అన్నాడు.

తలుపు పడిన చప్పుడయ్యాక ముల్లంగి పచ్చడి కొరుకుతూ అత్తగారు ఫుసాయె తీరిగ్గా నోరు విప్పింది. ఆవిడకి డెబ్బై తొమ్మిది. చెవులు సరిగ్గా వినపడవంటుంది కానీ అక్కర్లేని మాట ఒక్కటీ వదలదు.

"అమ్మాయ్, డబ్బు ఊసెత్తని మగాడు ఉన్నట్టుండి ఎత్తాడంటే రెండే కారణాలు. ఒకటి గుర్రప్పందాలు. రెండోది ఆడది."

"మీ అబ్బాయేనండీ, అత్తయ్యా!"

"వాళ్ళ నాన్నా మా ఆయనే" అంది ఫుసాయె.

ఆ వెక్కిరింతని ఇకుయో అప్పటికి కొట్టిపారేసింది. కానీ తర్వాతి బుధవారం తకెహిసా పొద్దున్న ఏమీ తినలేదు. ఆకల్లేదన్నాడు. డబ్బా కూడా వద్దన్నాడు. "ప్రేమలో పడ్డవాడికి ఆకలేముంటుంది" అని ముసలావిడ గోడ వైపు తిరిగి సణిగింది. ఇకుయో ఆ రోజు మిల్లులో రెండు తప్పులు చూడకుండా వదిలేసి మేనేజరు చేత చీవాట్లు తింది.

అసలు పిడుగు ఆ వారం చివర పడింది. కాఫీ షాపు నడిపే తొమొయె బజార్లో ఎదురైంది. మా ఊళ్ళో పొద్దున్నపూట కాఫీకి డబ్బిస్తే చాలు, టోస్టూ ఉడికిన గుడ్డూ ఊరికే వస్తాయి. ఆదివారం ఎనిమిదింటికి ఆ షాపులో మూల కుర్చీలో కూర్చుని పేపరు చదువుకోవడం తకెహిసాకి ఉన్న ఒకే ఒక్క విలాసం.

"ఏమ్మా, మీవారికి మా మీద కోపమా? మూణ్ణెల్లయింది మా గుమ్మం తొక్కి. కాఫీ పలచబడిందని గానీ అన్నారా ఏంటి?"

ఇకుయో చేతిలో ఉల్లిపాయల సంచి జారిపోయింది. మూణ్ణెల్లూ ప్రతి ఆదివారం ఎనిమిదింటికి "కాఫీకి వెళ్ళొస్తా" అనే వెళ్ళాడే! తొమ్మిదిన్నరకి బుద్ధిగా తిరిగొచ్చాడే! "అదేం లేదండీ, ఒంట్లో కాస్త బాగుండట్లేదు" అని నోటికొచ్చిన అబద్ధమేదో చెప్పి బయటపడింది. అది అబద్ధం కాదని ఆవిడకేం తెలుసు!

ఆ ఆదివారం తకెహిసా వీధి మలుపు తిరగ్గానే ఇకుయో సైకిలెక్కింది. ఏప్రనైనా విప్పలేదు. నోట్లో తిట్లు సిద్ధంగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు మొలకలు తిని నేను ఇల్లు నిలబెడితే, నా పది లక్షల మీద ఎవత్తి కన్నో పడిందన్నమాట! రానీ, ఇద్దర్నీ కలిపే కడుగుతాను.

తకెహిసా కాఫీ షాపు దాటేశాడు. రైలు పట్టాలు దాటాడు. కిసో నది గట్టెక్కి, చలిగాలిలో ఒక బల్ల మీద కూర్చుని, ఫ్లాస్కు తీసి టీ వంపుకున్నాడు. ఇకుయో దూరంగా సైకిలాపి పావుగంట కాచుకుంది. ఎవరూ రాలేదు. ఇంక పట్టలేక వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఎవరావిడ?"

"ఏ ఆవిడ?" తకెహిసా కంగారుగా అటూ ఇటూ చూశాడు. గట్టు మీద ఒక కుక్క, దాన్ని పట్టుకున్న ఒక ముసలాయన తప్ప ఎవరూ లేరు.

"నాటకాలొద్దు! కాఫీ షాపుకి వెళ్ళరు, ఆకల్లేదంటారు, డబ్బు కట్టొద్దంటారు. ఆ చేతిలో ఏంటి? ఉత్తరమా?"

ఆయన దాచబోయేలోపే లాక్కుంది. ఉత్తరం కాదు. ఇంటి అప్పుతో పాటు తీసుకున్న బీమా పుస్తకం. మూడో పేజీలో రెండు వరసల కింద ఎర్ర గీత ఉంది. అప్పు తీసుకున్న వ్యక్తికి క్యాన్సర్ అని డాక్టర్లు తేలిస్తే, ఆ నాటికి మిగిలిన అప్పు మొత్తం బీమా కంపెనీయే తీరుస్తుంది. ఇకుయో ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

"ఏంటండీ ఇది?"

తకెహిసా టీ పోసుకున్న ఫ్లాస్కు మూత వంక చూస్తూ చెప్పాడు. "ఆగస్టులో కంపెనీ వాళ్ళు చేయించిన పరీక్షల్లో కడుపులో ఏదో తేడా ఉందని వచ్చింది. గొట్టం వేసి చూడాలన్నారు. మొన్న బుధవారం చూశారు. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. మంగళవారం చెప్తారు."

"ఆగస్టా? ఇది నవంబరు! మూణ్ణెల్లు ఏం చేశారు?"

"అన్నీ కలిపి పద్దెనిమిది వేలవుతుందన్నారు. అంత ఒక్కసారిగా నా దగ్గరెక్కడివి? ఆదివారం కాఫీ మానేశా. ఆఫీసువాళ్ళతో బీరు మానేశా. కూడబెట్టేసరికి అక్టోబరయింది."

"నన్నడగొచ్చుగా!"

"ఏ కవరులోంచి ఇమ్మననూ?" తకెహిసా గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. "రోజూ పొద్దున చూసేవాణ్ణి ఇకుయో. తిండిది తీస్తే నీకు చివరి వారం కష్టం. మినోరిది ముట్టుకోకూడదు. జబ్బుకంటూ కవరు లేదు."

ఇకుయో పక్కన కూలబడింది. ఆయన ఇంకా చెప్పుకుపోతూనే ఉన్నాడు, ఆఫీసులో లెక్క అప్పజెప్పినట్టు.

"ఇప్పుడు పది లక్షలు కట్టేశామనుకో, మంగళవారం జబ్బని తేలిందనుకో, ఆ పది లక్షలూ బూడిదలో పోసినట్టే. ఎలాగూ అప్పంతా కొట్టేసేవాళ్ళు కదా. అదే ఆగితే ఇల్లూ నీదవుతుంది, పది లక్షలూ నీ చేతిలో ఉంటాయి. నువ్వేగా అంటావు, తొందరపడి కొనొద్దు, సగం ధర చీటీ పడేదాకా ఆగాలని. ఆ బీమా కూడా, వడ్డీ కాస్త ఎక్కువైనా ఇదే మంచిదని నువ్వే..."

"ఆపండి!"

కుక్కని పట్టుకున్న ముసలాయన ఆగి చూసి, గబగబా నడిచి వెళ్ళిపోయాడు. ఇకుయో ఆ పుస్తకంతోనే మొగుడి భుజం మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత చెయ్యి లేవలేదు. ఏప్రన్‌లో మొహం దాచుకుని బావురుమంది.

"మీ ప్రాణానికి కూడా సగం ధర చీటీ అంటించుకు కూర్చున్నారా! ఈ లెక్కలు మీకెవరు నేర్పారు? నేనే. పాపిష్టిదాన్ని, నేనే నేర్పాను. చేపల మీద మిగిల్చాను, కరెంటు మీద మిగిల్చాను, కడుపునొప్పి వస్తే నోరు తెరిచి పెళ్ళానికి చెప్పుకునే ధైర్యం కూడా మీకు మిగల్చలేదు. ఇల్లు ఎవరిక్కావాలండీ? సాయంత్రం 'వచ్చేశా' అంటూ మీరు తలుపు తీసుకుని వస్తారు, ఆ గొంతు వినడానికి నాకో ఇల్లు కావాలి. అంతే. మీరు లేకపోతే ఆ నాలుగు గోడలూ నేనేం చేసుకోను?"

తకెహిసాకి పెళ్ళాన్ని ఓదార్చడం అలవాటు లేదు. ఫ్లాస్కు మూతలో మిగిలిన టీ ఆవిడ చేతిలో పెట్టాడు. "చల్లారిపోయింది" అన్నాడు. "భయమేసింది ఇకుయో. లెక్కలు వేసుకుంటుంటే కాస్త తగ్గేది. అందుకే వేసుకున్నా."

ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చారు. సంగతి విని ఫుసాయె ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అదో పెద్ద విశేషం. వంటింట్లోకి వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుంటూ నిలబడి, కొడుక్కి పల్చగా గంజి కాచింది. పెట్టేటప్పుడు మాత్రం "గుర్రాలైనా బాగుండేది వెధవా" అని కళ్ళొత్తుకుంది.

మంగళవారం ఇకుయో మిల్లుకి సెలవు పెట్టింది. సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆ సంగతి ఆవిడకి గుర్తు రాలేదు. ఆస్పత్రి వరండాలో గంటన్నర కూర్చున్నారు. తకెహిసా నంబరు పిలిచినప్పుడు ఆయనకంటే ముందు ఆవిడే లేచింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మినోరికి అక్కలా ఉంది. తెర మీద ఏవో బొమ్మలు చూపించి, "పుండండీ. క్యాన్సర్ కాదు. ఒక రకం సూక్ష్మజీవి వల్ల వచ్చింది. వారం రోజులు మాత్రలు వాడితే పోతుంది" అంది.

"కాదా?" అంది ఇకుయో.

"కాదండీ."

"ముక్క కోసి చూశారు కదా, అందులోనూ కాదా?"

"అందులోనూ కాదు."

"అయితే బీమావాళ్ళు ఒక్క యెన్ కూడా ఇవ్వరు కదూ?"

డాక్టరమ్మ తెల్లబోయింది. "దీనికి... ఇవ్వరనుకుంటానండీ."

"హమ్మయ్య! ఇవ్వరటండీ! విన్నారా, ఇవ్వరట!" అంటూ ఇకుయో ఎంత కిందికి వంగి దండం పెట్టిందంటే నుదురు బల్లకి టంగున తగిలింది. పాపం ఆ అమ్మాయికి ఏమర్థమైందో గానీ తనూ లేచి దండం పెట్టింది.

మందుల కోసం కిందికి దిగుతూ మెట్ల మధ్యలో ఆగిపోయింది ఇకుయో. మొదట నవ్వొచ్చింది, నవ్వుతూండగానే ఏడుపొచ్చింది.

"కోటీ ఇరవై లక్షలండీ! మొత్తం మనమే కట్టాలి!"

"అవును, మనమే కట్టాలి" అన్నాడు తకెహిసా. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వింతగా చూస్తున్నారు. అంత అప్పుకి అంత సంబరపడేవాళ్ళని ఆ ఆస్పత్రి ఎప్పుడూ చూసి ఉండదు.

అటునుంచి అటే బ్యాంకుకి వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి పది లక్షలూ లెక్క చూసుకుని, అలవాటైన ప్రశ్న అడిగింది. "దీన్ని గడువులో తగ్గించమంటారా, నెల కంతులో తగ్గించమంటారా? గడువైతే మీ అప్పు ఏడాది పైన ముందే తీరిపోతుంది. వడ్డీ కూడా బాగా కలిసొస్తుంది. కంతైతే నెలకి ఆరు వేల చిల్లర తగ్గుతుంది, అంతే."

వెనకటి రెండుసార్లూ ఇకుయో ఆ ప్రశ్న పూర్తి కాకుండానే "గడువు" అనేసింది. తకెహిసా కూడా అదే అనుకుని, ముందే తల ఊపుతున్నాడు.

"కంతు తగ్గించండి" అంది ఇకుయో.

"మరి గడువు?"

"పద్నాలుగేళ్ళూ అలాగే ఉండనివ్వండమ్మా. ఒక్క నెల కూడా తగ్గించకండి." మొగుడి వైపు తిరిగింది. కళ్ళు మళ్ళీ నిండుకొచ్చాయి, మాట మాత్రం ఎప్పటి గదమాయింపే. "అన్నేళ్ళూ ఈయన నాతో ఉండి కట్టాలి. మధ్యలో ఎగ్గొడితే ఊరుకోను."

"కడతాను" అన్నాడు తకెహిసా, ఆ అమ్మాయి వింటుండగానే.