ఒంటిగంటకి మూసుకునే కోళ్ళగూడు

మారెన్ కోడి గుడ్డు పెట్టింది. పక్క తోట ఫాల్క్ ఫిర్యాదు పెట్టాడు. ఇద్దరూ తగువు పెట్టుకున్నారు. పెట్టకపోయింది ఒక్క ముహూర్తమే.

లైప్‌జిగ్‌లో మా అద్దె తోటల సంఘానికి నియమాల పుస్తకం ఒకటుంది. అందులో పన్నెండో నియమం: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా విశ్రాంతి వేళ. ఆ రెండు గంటలూ గడ్డి కోసే మిషను తిరగకూడదు, సుత్తి దిగకూడదు, రంపం పళ్ళు బయట పెట్టకూడదు. తేనెటీగలు కూడా కాస్త గొంతు తగ్గిస్తాయని మా వాళ్ళ నమ్మకం.

సంఘం సెక్రటరీ ఫాల్క్ ముప్పైనాలుగేళ్ళ లెక్కల మాస్టారు. ఎండాకాలం సెలవుల్లో రోజంతా తోటలోనే ఉంటాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. మా భాషలో ఫాల్క్ అంటే డేగ. ఆ డేగ పక్క తోటని ఆ వసంతంలోనే తీసుకుంది మారెన్. ఊళ్ళో ట్రాము నడుపుతుంది. వస్తూ వస్తూ ఐదు కోళ్ళని వెంట తెచ్చుకుంది.

జూన్‌లో ఒకరోజు ఒంటిగంటా ఇరవైకి హిల్డే అనే కోడి గుడ్డు పెట్టి, ఆ సంగతి మూడు వీధులకి వినపడేలా ప్రకటించింది. ఫాల్క్ పుస్తకం పట్టుకుని కంచె దగ్గరికొచ్చాడు.

"మేడమ్, పన్నెండో నియమం చదివారా?"

"నేను చదివాను. హిల్డే చదవలేదు."

"విశ్రాంతి వేళలో అరవకూడదు."

"ఓసారి గుడ్డు పెట్టి చూడండి సెక్రటరీ గారూ. మీరూ అరుస్తారు."

లెక్కల మాస్టారికి ఈ లెక్క తెగలేదు. చెవులు మాత్రం మందారాల్లా ఎర్రబడ్డాయి. ఆమె కళ్ళలో నవ్వు చూశాక ఆ ఎరుపు మెడ దాకా దిగింది. ఇంటికెళ్ళి, పద్ధతి ప్రకారం, ఆమెకి ఒక ఉత్తరం రాశాడు. వారం తర్వాత రెండోది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి ఏడాది మూడు ఉత్తరాలు వస్తే తోట పోతుంది. తోట పోతే కోళ్ళూ పోతాయి. మూడో అంతస్తు ఫ్లాటులో కోళ్ళని పెంచనిచ్చే ఇంటాయన ఇంకా పుట్టలేదు.

అందుకే మారెన్ గూటికి టైమరు తలుపు పెట్టించింది. ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు గూటి లోపల గింజల డబ్బా తనంతట తనే తెరుచుకుంటుంది. పెట్టలు పెట్టెలోకి పరిగెడతాయి. ఒంటిగంటకి వాటి వెనక చిన్న తలుపు దిగుతుంది. మూడింటికి లేస్తుంది. లోపల గుడ్లు పెట్టుకున్నా, గొడవ పెట్టుకున్నా బయటికి వినపడేది చిన్న గొణుగుడే. పాత యజమాని చలికి భయపడి రెండు వరసల చెక్కతో, తారు కాగితం కప్పుతో కట్టిన గూడు అది. గాలి దూరే సందు లేదు.

తమాషా ఏమిటంటే, ఆ రోజు నుంచి ఫాల్క్‌కి విశ్రాంతి వేళ విశ్రాంతి లేదు. ఆపిల్ చెట్టు కింద పడక్కుర్చీలో పడుకుని, పక్క తోట గొణుగుడు కోసం చెవులు రిక్కించేవాడు. అది వినపడితేనే నిద్ర పట్టేది. అలవాటనుకున్నాడు పాపం.

జూలై చివర్లో రేడియో హెచ్చరించింది: గురువారం ముప్పైతొమ్మిది డిగ్రీలు. మా ఊరి జన్మకది పెద్ద అంకె. బుధవారం సాయంత్రం మారెన్ ఆవరణ మీద తెల్ల దుప్పట్లు కట్టింది, నీటి గిన్నెలు నీడకి జరిపింది, సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి తెచ్చింది. ఫాల్క్ కంచె మీద మోచేతులు ఆనించి, ఇందులో నియమ విరుద్ధం ఏమీ లేదని హామీ ఇచ్చాడు. ఆ హామీ ఎవరూ అడగలేదు. ఆమె నవ్వి, కోళ్ళకి చెమట పట్టదని, నోరు తెరిచి రొప్పి, కాళ్ళ గుండా వేడి వదులుకుంటాయని చెప్పింది.

"అరిచే కోడి గురించి బెంగ లేదండీ. నోరు తెరిచి కూడా మాట్లాడని కోడి గురించే బెంగ."

ఫాల్క్ తన ఫ్రిజ్‌లోంచి ఇంకో నాలుగు మంచు సీసాలు తెచ్చిచ్చాడు. ఆమె వేళ్ళు తగిలినప్పుడు సీసా చల్లగా ఉందో వెచ్చగా ఉందో మాస్టారు తేల్చుకోలేకపోయారు.

గురువారం తెల్లవారకముందే మారెన్ డ్యూటీకి వెళ్ళింది. అన్నీ గుర్తుపెట్టుకుంది. టైమరు ఆపడం తప్ప.

ఒంటిగంటకి తలుపు దిగింది. ఫాల్క్ పడక్కుర్చీలో వాలాడు. ఆకు కదలడం లేదు. అబ్బ, ఎంత నిశ్శబ్దం అనుకున్నాడు. పన్నెండో నియమం ఇంత బాగా ఎప్పుడూ అమలు కాలేదనుకున్నాడు. ఒకటిన్నరకి కళ్ళు తెరిచాడు. గొణుగుడు లేదు. చెవి అటు పెట్టాడు. అసలే లేదు.

లేస్తూనే కంచె దూకాడు. మా సెక్రటరీ కంచె దూకడం సంఘం చరిత్రలో అదే మొదలు. గూటి గోడ మీద చెయ్యి పెడితే కాలింది. టైమరు మీట నొక్కితే చిన్న తలుపు లేవలేదు, వేడికి వంగి బిగుసుకుపోయింది. పెద్ద తలుపుకి నక్కల భయానికి వేసిన తాళం. మారెన్‌కి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. ట్రాము నడిపేటప్పుడు ఆమె ఫోన్ ముట్టదు. అదీ నియమమే.

ఫాల్క్ తన పాకలోంచి కరెంటు రంపం తెచ్చాడు. ఒంటిగంటా ముప్పైఐదు నిమిషాలకి, కూతకి కేసు పెట్టినవాడు కోత మొదలుపెట్టాడు.

ఊరంతా లేచింది. అందరికంటే ముందు ఎదుటి తోట కుష్కె గారు వచ్చారు. ఎనభై రెండేళ్ళావిడ, చేతిలో పుస్తకం. నలభై ఏళ్ళుగా తోటలవాళ్ళ తప్పులన్నీ అందులో తేదీలతో సహా ఉన్నాయి. ఇది విశ్రాంతి వేళ అని గుర్తుచేశారు.

"రాసుకోండి కుష్కె గారూ," అన్నాడు ఫాల్క్ రంపం ఆపకుండా. "రాశాక కాస్త నీళ్ళు పట్టుకురండి."

ఆవిడ నిదానంగా రాసుకున్నారు. తర్వాత కేకు ట్రే నిండా నీళ్ళు తెచ్చారు.

గోడ తెగింది. లోపలి నుంచి వచ్చిన వేడి పొయ్యి మూత తీసినట్టు మొహాన కొట్టింది. ఫాల్క్ ఒక్కొక్కదాన్నీ చేతుల్లో బయటికి తెచ్చాడు. రెక్కలు వేలాడేసి, ముక్కులు తెరిచి, ఒక్కటీ కిక్కురుమనడం లేదు. నాలుగు ఎలాగో నీళ్ళ ట్రేలో కాళ్ళు మోపి నిలబడ్డాయి. హిల్డే నిలబడలేదు. మెడ పక్కకి వాలిపోయింది.

ఫాల్క్ దాన్ని చెట్టు నీడలో ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు నీళ్ళలో ముంచి, వేలితో జుట్టు తడిపి, ముక్కు అంచున ఒక్కో చుక్కా వేశాడు. విసరడానికి చేతికందింది నియమాల పుస్తకం. జేబులోదే. మా సంఘం నియమాల్లో అంత చల్లటి గాలి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

ఆఖరి స్టాపులో టైమరు గుర్తొచ్చి, బండి ఇంకో డ్రైవరుకి అప్పగించి, మారెన్ పరుగున వచ్చేసరికి రెండూ నలభై. యూనిఫారం తడిసి ముద్దయింది. ఆమెకి ముందు కనిపించినవి కోసేసిన గోడ, రంపం, పుస్తకం తెరిచిన కుష్కె గారు.

"మూడో ఉత్తరం రాసే ఓపిక కూడా లేకపోయిందా సెక్రటరీ గారూ? గూడే పడగొట్టారా?"

ఫాల్క్ నోరు తెరిచాడు. మాట రాలేదు. కోళ్ళ రోగం అతనికీ పట్టినట్టుంది.

కుష్కె గారే చెప్పారు. తలుపు ఎప్పుడు పడిందో, రంపం ఎప్పుడు మోగిందో, నిమిషాలతో సహా చదివి వినిపించారు. మారెన్ ఫాల్క్ పక్కన కూర్చుంది. అతని ఒళ్ళో హిల్డేని చూసింది.

"నా చేతులతో నేనే మూశాను దాన్ని," అంది.

"నా ఉత్తరాలు మూశాయి," అన్నాడు ఫాల్క్.

ఇద్దరూ కలిసి విసిరారు, తడిపారు, చూశారు. కోడి మెడ కొంచెం లేచింది. ముక్కు ట్రేలో ముంచింది. ఎత్తింది. గుటకేసింది. మళ్ళీ ముంచింది. ఐదో గుటకకి ఫాల్క్ బొటనవేలిని గట్టిగా పొడిచింది. పుంజు తోడు లేకుండానే పెట్టలు ఐదూ పుంజుకున్నాయి.

మారెన్ ఏడుస్తూ నవ్వింది. ఫాల్క్ నవ్వుతూ రక్తం తుడుచుకున్నాడు.

కుష్కె గారు పుస్తకంలో కాగితం చింపి, ఫిర్యాదు సెక్రటరీకి అందజేయడం తన బాధ్యత అని ఫాల్క్ చేతికే ఇచ్చారు. కేకు ట్రే రేపు ఇచ్చినా చాలన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఈ అబ్బాయి పదేళ్ళలో చేసిన మొదటి మంచి పని ఇదేనని మారెన్‌కి చెప్పి వెళ్ళారు. మా దగ్గర అంతకు మించిన ఆశీర్వచనం పెద్దవాళ్ళ నోట రాదు.

తెల్లవారుజాము నుంచి బూట్లలో ఉన్న కాళ్ళని మారెన్ ట్రేలో పెట్టింది. కోళ్ళు కాస్త జరిగి చోటిచ్చాయి.

"లోపలున్నాయని మీకెలా తెలిసింది?" అని అడిగింది.

"చప్పుడు లేదు."

"మీకు కావలసింది అదేగా."

ఫాల్క్ హిల్డే జుట్టు మీద ఇంకో చుక్క నీళ్ళు వేశాడు. "నేనూ అదే అనుకున్నాను," అన్నాడు. "ఈ నెలంతా మీ వైపు చప్పుడు వింటూ పడుకుంటున్నాను. ఇవాళ అది లేకపోతే ఉండలేకపోయాను. కోళ్ళ సంగతి ఒక్కటే కాదు నేను చెప్పేది."

చెవులు మళ్ళీ మందారాలు. ఈసారి మారెన్‌వి కూడా.

గోడ కోసిన చోట వలతో కిటికీ పెడతానన్నాడు. రేపు కూడా ముప్పైఎనిమిదట, ఒంటిగంటకి వచ్చి కోళ్ళ దగ్గర కూర్చుంటానన్నాడు. ఆమె తలూపింది. తర్వాత, హిల్డే వీపు నిమురుతూ, అతని వైపు చూడకుండా అంది:

"ఎల్లుండి వానట. కోళ్ళకి మీ అవసరం ఉండదు."

"అవును."

"అయినా రండి."