కనుబొమలు లేని ఇంటావిడ

ఆ ఇంట్లో దిగిన రోజు నా దగ్గర పదకొండు వేల నాలుగు వందల బాత్‌లున్నాయి. ఆ ఊళ్ళో ఒక్క గది అద్దె నాలుగు వేలు. రైలు పట్టాల వెనక సందులో, చివర ఉన్న చెక్క ఇల్లు మొత్తం పద్దెనిమిది వందలకే ఇస్తానన్నాడు, దాన్ని అద్దెకిచ్చే థవిన్. లెక్కల మాస్టార్ని నేను. అంత తేడా ఊరికే రాదని తెలుసు. అయినా దిగాను.

ఆ తేడా ఎందుకొచ్చిందో మర్నాడు సంగ్వియన్ పిన్ని చెప్పింది. సందు మొగలో బొప్పాయి సలాడ్ బండి ఆవిడది. రోట్లో మిరపకాయలు దంచుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“ఏ ఇల్లూ? చివరిదా?”

“అవును పిన్నీ.”

రోకలి ఆగిపోయింది.

“అయ్యో డెల్ మాస్టారూ… నీకెవరూ చెప్పలేదా?”

నా పూర్తి పేరు రొడెల్ మకరాయెగ్. ఫిలిప్పీన్స్ నుంచి థాయ్‌లాండ్ వచ్చి రెండేళ్ళయింది. ఈ ఊరి పిల్లలు అంత పేరు పలకడం ఎందుకని డెల్ మాస్టారు చేసేశారు. పెద్దవాళ్ళూ అదే పట్టుకున్నారు.

పిన్ని గొంతు తగ్గించింది. పట్టపగలు, పక్కన ఎవరూ లేరు… అయినా తగ్గించింది.

“అది ఫయోం అవ్వ ఇల్లు. మొగుడు పోయాక కొండల మీద ఎవరో చుట్టాలింటికి వెళ్ళింది. అక్కడే జ్వరం తగిలి పోయింది. దహనం కూడా అక్కడే. ఆరేళ్ళయింది. వెళ్ళిన మనిషి వెళ్ళినట్టు ఉండొచ్చుగా? ఇంటికొస్తుంది.”

“ఎలా తెలుసు?”

“చూశారు కాబట్టి! ముందు బర్మా మొగుడూపెళ్ళాలు. తర్వాత ఒక స్కాట్లండ్ ముసలాయన… ఆరడుగుల మనిషి, చెప్పులొదిలేసి పరుగెత్తాడు. కంప్యూటరు పని చేసుకునే ఉక్రెయిన్ పిల్ల సూట్‌కేసు కోసం కూడా తిరిగి రాలేదు. ఇలా మొత్తం ఏడుసార్లు. అందరూ ఒకటే మాట. తెల్ల బట్టలు. తల మీద వెంట్రుక లేదు. ముఖం మీద… కనుబొమలు లేవు.”

“కనుబొమలా?”

“కాల్చేశారుగా నాయనా. ముందు అంటుకునేవి అవే.”

మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. నేను సలాడ్ సగం తిని లేచాను.

థాయ్ వాళ్ళెవరూ ఆ ఇంటి గేటు వైపు కూడా చూడరు. అందుకే థవిన్ మాలాంటి విదేశీయులకే ఇస్తాడు. పారిపోయిన వాళ్ళు అడ్వాన్సు అడగడానికి రారు. ఇంట్లో ఉన్నట్టు కాగితమే లేని మనిషి ఏమని ఫిర్యాదు చేస్తాడు?

పదింటికే దీపమార్పి పడుకునే నాకు దెయ్యంతో మూడు నెలల దాకా ఏ పేచీ రాలేదు. పేచీ కాగితంతో వచ్చింది.

బడి నా ఒప్పందం పొడిగించింది. దానికి తగ్గట్టు వీసా కూడా పొడిగించాలి. ఇమిగ్రేషన్ ఆఫీసులో కౌంటరు వెనకున్న అమ్మాయి నా కాగితాలు ఒక్కొక్కటే సర్ది, చాలా మర్యాదగా చిరునవ్వు నవ్వింది.

“మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఇంటి పెద్ద మాకు తెలియజేయాలండీ. మీరు దిగిన ఇరవై నాలుగు గంటల్లో. ఆ రసీదేదీ?”

“లేదండీ.”

“ఇంటి పుస్తకం నకలు మీద, ఈ ఫారం మీద ఇంటి పెద్ద సంతకం తీసుకురండి. సోమవారం నాలుగున్నర దాకా ఉంటాం. మీ గడువు కూడా ఆరోజే.”

అంటే, సంతకం దొరక్కపోతే మంగళవారానికి నేను ఈ దేశంలో ఉండకూడదు. ఉద్యోగం పోతుంది. తొమ్మిదో తరగతి వాళ్ళకి వర్గ సమీకరణాల పాఠం సగంలో ఆగిపోతుంది. నా రెండేళ్ళూ ఆగిపోతాయి.

నేరుగా థవిన్ ఇంటికి వెళ్ళాను. మా వీధికి అవతలి వీధిలోనే. వరండాలో కోడిపుంజుకి స్నానం చేయిస్తున్నాడు.

“అన్నా, సంతకం కావాలి.”

“ఏం ఫర్లేదులే మాస్టారూ, అవన్నీ ఎవడు చూస్తాడు?”

“కౌంటరులో అమ్మాయి చూసింది.”

ఫారం చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి లోపలికెళ్ళి, ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు రాసే నీలం అట్ట ఇంటి పుస్తకం తెచ్చాడు. మొదటి పేజీ తెరిచి చూపించాడు. ఇంటి పెద్ద గడిలో ఫయోం అవ్వ పేరే ఉంది.

“నేను మేనల్లుణ్ణి. నా సంతకం చెల్లదు. మా అత్త పేరు కొట్టించడానికి తీరిక దొరకలేదు. ఏం చేస్తాం?”

“ఇప్పుడు కొట్టించి, మీ పేరు రాయించండి.”

“సోమవారం లోపలా? మాస్టారూ, నువ్వొక పని చెయ్యి. కొత్త ఇల్లు చూసుకో. పాత ఇల్లు వదిలేసినవాడికి అడ్వాన్సు రాదు, అంతేగా.”

నేను కదల్లేదు. పుంజు నన్ను చూసింది. థవిన్ నన్ను చూశాడు. అతని నవ్వు కొంచెం వంకర తిరిగింది.

“ఇంటి పెద్ద సంతకమే కావాలా? అయితే ఆవిడనే అడుగు. వస్తూనే ఉంటుందటగా.”

పక్కింటి వాళ్ళు కిసుక్కుమన్నారు.

అక్కడే నాకు మండింది. ఈ దేశంలో ఎనిమిది గంటలకి జాతీయగీతం వినపడగానే ఎక్కడున్నా నిలబడ్డాను. చెప్పులు విడవమన్న చోట విడిచాను. పెద్దవాళ్ళ ముందు తల వంచి నడిచాను. తొంభై రోజులకోసారి ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళి నేనింకా ఉన్నానని చెప్పుకున్నాను. ఒక్క నియమం తప్పలేదు. తప్పింది చచ్చిపోయినావిడా, నవ్వుతున్న మేనల్లుడూ. మరి ఊరొదిలి పోవాల్సింది నేనెందుకు?

“సరే,” అన్నాను. “ఆవిడనే అడుగుతాను.”

ఎప్పుడొస్తుందో తెలియాలిగా. సంగ్వియన్ పిన్ని దగ్గరికెళ్ళాను. బండి కింద అరలోంచి నూనె మరకల నోటుబుక్కు తీసింది. దెయ్యం కనపడిన ప్రతి తేదీ అందులో ఉంది.

“ఇవన్నీ ఎందుకు రాశావు పిన్నీ?”

“లాటరీకి! దెయ్యం కనపడిన రోజు కన్నా మంచి నంబరు ఎక్కడ దొరుకుతుంది? తారీఖూ నెలా కలిపి కొంటాం. స్కాట్లండ్ ముసలాయన పరుగెత్తినప్పుడు సందులో నలుగురికి తగిలింది.”

ఏడు తేదీలు. వాటి మధ్య రోజులు లెక్కేశాను. యాభై తొమ్మిది. నూట పద్దెనిమిది. నూట డెబ్భై ఏడు… అన్నీ ఇరవై తొమ్మిదిన్నరకి గుణిజాలే. ఫోన్లో కేలండరు తీసి చూశాను. ప్రతిదీ పున్నమి.

పిన్ని నోరు తెరిచింది. “ఐదేళ్ళుగా కూడుతున్నాం గానీ… తీసెయ్యాలని ఒక్కడికీ తోచలేదు!”

వచ్చే పున్నమి శనివారం.

“వెళ్ళకు మాస్టారూ,” అంది. అని, ఒక క్షణం ఆగి, చెవి దగ్గరగా వచ్చింది. “…వెళ్తే మాత్రం, ఏదైనా నంబరు చెప్తుందేమో కనుక్కో.”

శనివారం రాత్రి వాకిట్లో వెదురు మంచం వేసుకుని కూర్చున్నాను. అట్ట మీద ఫారం. జేబులో రెండు పెన్నులు — ఒకటి రాయకపోతే ఇంకోటి. పక్కన టార్చి. వాకిలి మూల స్తంభం మీద చిన్న దేవుడి గూడు ఉంది. ఇంటిని కాపాడే దేవతకి ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. థవిన్ ఎన్నడూ పట్టించుకోక దాని ముందు పూలు ఎండి నల్లబడ్డాయి.

పన్నెండు. ఒకటి.

రైలొకటి పోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

రెండుంబావుకి సందు మొగలో కుక్కలు మొరిగాయి. మొరిగి… ఒక్కసారిగా ఆగిపోయాయి. కుక్క మొరిగితే భయం లేదు. ఆగిపోతేనే —

గేటు అవతల అడుగులు. మెత్తగా. చెప్పుల్లేని అడుగులు.

గేటుకి నేనే తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది. వేళ్ళతో తడిమి చూసుకున్నాను, ఉంది.

తాళం క్లిక్ మంది.

గేటు తెరుచుకుంది.

వెన్నెల్లో ఒక తెల్లని ఆకారం లోపలికొచ్చింది. నున్నటి తల. ముఖం తిప్పింది… చూశాను. కళ్ళ పైన ఏమీ లేదు. నుదురు అలా కళ్ళలోకి జారిపోయినట్టుంది.

నేను లేచి నిలబడ్డాను. పరుగెత్తడానికే లేచాను, దాచుకోను. కానీ గేటు ఆవిడ వెనకాలుంది. నా వెనక గోడ. పోయే దారి లేనప్పుడు నోరు తెరుచుకుంది.

“అవ్వా… సంతకం కావాలి.”

ఆకారం ఆగిపోయింది.

“…ఏంటీ?”

“ఈ ఇంట్లో ఉంటున్నాను. ఉంటున్నానని మీరు చెప్పాలి. ఇరవై నాలుగు గంటల్లో చెప్పాల్సింది. ఇవాళ్టికి నూట రెండు రోజులు! మీరు చచ్చిపోయారని ఊరుకోలేను. ఇంటి పెద్ద మీరే. చట్టం ఎవరికైనా చట్టమే. సంతకం పెట్టేదాకా నేను కదలను.”

  అట్ట చాచి పట్టుకునే ఉన్నాను.

ఆవిడ ఫారం వైపు ఒంగి చూసింది. తర్వాత నెమ్మదిగా —

“ఎవరు చచ్చిపోయారు?”

“…మీరే.”

“ఎప్పుడూ?”

“ఆరేళ్ళ కింద. జ్వరంతో.”

ఆవిడ వెదురు మంచం మీద కూర్చుంది. మంచం కిర్రుమంది. దెయ్యం కూర్చుంటే మంచం కిర్రుమంటుందా? టార్చి వేశాను. పాదాలకి మట్టి. తెల్ల బట్ట అంచుకి అతుక్కుని ఒక క్యాబేజీ రెబ్బ.

అప్పుడు గాని నా బుర్ర వెలగలేదు. మా బడి పక్కన బౌద్ధ ఆరామంలో రోజూ చూసే సన్యాసినులే. తెల్ల బట్టలు, గుండు, కనుబొమలు కూడా గొరిగేస్తారు. పగలు చూస్తే దణ్ణం పెడతాం. పున్నమి రాత్రి, చచ్చిపోయిందనుకున్న మనిషి వాకిట్లో చూస్తే చెప్పులొదిలేసి పరుగెడతాం.

మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాను.

“కొండ మీద ఆరామంలో ఉంటున్నాను నాయనా,” అంది ఫయోం అవ్వ. “పున్నమికి మార్కెట్టుకి వచ్చే క్యాబేజీ లారీలో ఎక్కించుకుంటారు. రెండింటికి దింపుతారు, నాలుగింటికి తిరిగి పోతారు. ఇంటి దేవతకి అగరొత్తులు వెలిగిస్తానని మొక్కుకుని వెళ్ళాను, అందుకే వస్తాను. గేటు తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉంది. థవిన్‌కి ఈ గూడు చూసుకోమని చెప్పాను. అద్దెకి ఇమ్మని చెప్పలేదే! లోపల దీపం వెలుగుతుంటే, ఎవరో ఉన్నారని పలకరిద్దామని వెళ్ళేదాన్ని… కేకలు, పరుగులు. ఈ కాలం వాళ్ళకి పెద్దవాళ్ళంటే మొహమాటం అనుకున్నా.”

“మీరు పోయారని చెప్పింది థవినేనట అవ్వా. సందంతా మీ కర్మకాండలకి డబ్బు కవర్లు కూడా ఇచ్చారట. థవిన్ చేతికి.”

“ఎవరెవరు?”

“అందరూ. సంగ్వియన్ పిన్ని మూడొందలు పెట్టిందట.”

“మూడొందలేనా?” అవ్వ ముఖం చిట్లించింది. “నా చేతి కూర తిని పెరిగింది అది!”

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. అగరొత్తులు తీసి వెలిగించింది. గూడు ముందున్న ఎండు పూలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. పెదవులు గట్టిగా బిగించుకుంది.

దూరంగా లారీ హారన్ రెండుసార్లు మోగింది. నాలుగు కావస్తోంది. అవ్వ అటు చూసింది. నా చేతిలో ఫారం చూసింది.

“ఇది పెడితే నువ్వు ఉండొచ్చా?”

“ఉండొచ్చవ్వా. మీ గుర్తింపు కార్డూ, నీలం పుస్తకమూ కూడా కావాలి.”

భుజాన సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్డు తీసి చూపించింది. “ఇది నా దగ్గరే ఉంది. పుస్తకమో?”

“థవిన్ దగ్గర.”

హారన్ మూడోసారి మోగింది. అవ్వ లేచింది. లారీ వైపు కాదు.

“ఈ నెల క్యాబేజీలు నన్ను వదిలి పోనీ. పద.”

అవతలి వీధి అంతా నిద్రలో ఉంది. థవిన్ వరండాలో పుంజు మమ్మల్ని చూసి రెక్కలు దులుపుకుంది. తలుపు మూసి ఉంది. లోపల గురక. నేను గొంతు తగ్గించాను.

“అవ్వా, దెయ్యంలా పిలుస్తారా? ఒక్కసారి?”

“తప్పు నాయనా. అబద్ధమాడకూడదని దీక్షలో ఉన్నాను.” తెల్ల బట్ట భుజం మీద సరిగ్గా సర్దుకుని, సరిగ్గా తలుపుకి ఎదురుగా, వెన్నెల ముఖం మీద పడేలా నిలబడింది. “నా పేరు చెప్తాను, అంతే. నువ్వు తలుపు కొట్టు.”

ఆఫీసు మూసేదాకా ఇంకా ముప్పై ఆరు గంటలున్నాయి. ఫారం చంకలో పెట్టుకుని, పిడికిలి బిగించి, చెయ్యెత్తాను.