మావయ్య దిగని కారు

మా వీధి చివరి ఇంటి వెనకాల రేకుల షెడ్డు ఒకటుంది. చీకటి పడ్డాక దాని పక్కనుంచి ఎవరూ పోరు. తప్పనిసరై పోవాల్సి వస్తే, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ గబగబా దాటేస్తారు. రేకుల సందుల్లోంచి సన్నటి వెలుగు కదులుతుందనీ, లోపల ఎవరో గొణుక్కుంటారనీ... కుక్కలు కూడా అక్కడికి రాగానే మొరగడం మానేసి రోడ్డుకి అవతలి పక్కకి మారిపోతాయనీ చెప్పుకుంటారు.

నేను సెలూన్ నడుపుతాను. ఆ షెడ్డు అసలు సంగతి నాకు చెప్పింది బ్యాటరీల షాపాయన. గడ్డం కింద కత్తి ఆడుతుండగా చెప్పాడు కాబట్టి, అబద్ధం కలిపి ఉండడనే నా నమ్మకం.

ఆ షెడ్డులో ఉన్నది ఒక పాతకాలపు కారు. మీగడ రంగు, గుండ్రటి ముక్కు, మెరిసే బంపర్లు. దాని యజమానిని, అంటే ఆ ఇంటాయన్ని, అందరం తుడుపాయన అనేవాళ్ళం. ఎప్పుడు చూసినా గుడ్డ పట్టుకుని దాన్ని రుద్దుతూనే ఉండేవాడు. రంగు వెలుస్తుందని ఎండలో బయటికి తీయడు. తుప్పు పడుతుందని వానలో తీయడు. ఎండా వానా లేని రోజున రోడ్డు మీద దుమ్ము ఉంటుంది. మొత్తానికి ఆ కారు నడిచిన దూరం కన్నా, దాని మీద గుడ్డ నడిచిన దూరమే ఎక్కువ.

ఆయన పోయాడు. పోయేముందు చుట్టాలందరి ఎదుటా ఒకే ఒక్క మాట అన్నాడు — కారు మేనల్లుడిది అని. భార్య గురించి ఏమీ అనలేదు. పాపం ఊపిరి చాల్లేదని చుట్టాలే సర్దిచెప్పుకున్నారు.

ఆ తర్వాతే షెడ్డులో వెలుగు మొదలైంది.

బతికుండగా ఎవర్నీ ఎక్కనివ్వనివాడు పోయాక మాత్రం దిగుతాడా అని వీధి వీధంతా తేల్చేసింది.

మేనల్లుడు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. దెయ్యాల్లేవని ఎక్కడ సభ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయనకి మావయ్య ఆత్మతో పనిలేదు, కారుతో ఉంది. ప్రిన్సిపాల్ కొత్త కారు పక్కన దీన్ని తెచ్చి ఆపాలన్నది ఆయన కోరిక. చిన్నప్పుడు తనతో చదువుకున్న బ్యాటరీలాయన్ని పిలిచి, ఎలాగైనా దీన్ని బతికించమన్నాడు.

బ్యాటరీలాయనకి పాత బండ్లంటే ప్రాణం. షాపు మూసి సాయంత్రాలు అక్కడే గడిపాడు. పెట్రోలు ట్యాంకులో అడుగున బంక పేరుకుపోయి ఉంది. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుక కాపురం పెట్టింది. బ్రేకులు పట్టేశాయి. కార్బురేటర్ విప్పి, ఉడకబెట్టి, తోమి మళ్ళీ బిగించాడు. లెక్చరరు పక్కన నిలబడి, ఇంజన్ ఏ సూత్రం మీద పనిచేస్తుందో వివరించాడు. స్పానరు మాత్రం అందించలేదు.

అత్తయ్య, అంటే తుడుపాయన భార్య, రోజూ టీ తెచ్చి గుమ్మంలో నిలబడేది. ఇక నడుస్తుందా బాబూ అని అడిగేది. నడుస్తుందమ్మా అంటే ముఖం చిన్నబోయేది. భర్త గుర్తొచ్చాడనుకునేవాళ్ళు వీళ్ళిద్దరూ.

ఒక సాయంత్రం ఇంజన్ దగ్గింది... ఊగింది... అందుకుంది. షెడ్డంతా పొగ. లెక్చరరు కళ్ళలో నీళ్ళు, అది పొగకే అన్నాడు. షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు.

మర్నాడు ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీలాయన డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాడు. లోపల గిర్రున తిరిగే చిన్న ముక్క ఉంటుంది, రోటర్ అంటారు, అది లేకుండా ఇంజన్ అందుకోదు. అది లేదు.

తాళం వేసింది వేసినట్టే ఉంది.

అదురుకి ఊడిపోయి ఉంటుందన్నాడు లెక్చరరు. ఊడితే అక్కడే పడి ఉండాలి కదా అన్నాడు ఈయన. వేరేది వెతికి తెచ్చి వేశాడు. బండి మళ్ళీ పలికింది. మళ్ళీ తాళం. తెల్లారేసరికి అదీ మాయం.

లెక్చరరు చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఒరే... ఈ రాత్రికి ఇద్దరం ఇక్కడే పడుకుందాం. భయమని కాదు. పరిశీలన.”

టైర్ల దొంతర వెనకాల చాప పరుచుకుని కూర్చున్నారు. వీధి సద్దుమణిగింది. రేకులు చల్లబడుతూ టిక్కుమంటుంటే, లెక్చరరు ప్రతిదానికీ లోహాల సంకోచం, లోహాల సంకోచం అని గొణుగుతూ మిత్రుడి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గంటగంటకీ బిగుస్తోందట.

అప్పుడు... ఎక్కడో కిర్రుమంది. బయటి తలుపు కాదు.

కారు తలుపు తెరుచుకుంది. మూసుకుంది. లోపల సన్నటి వెలుగు.

అద్దంలోంచి కనిపించింది — తుడుపాయన గోధుమరంగు స్వెట్టరు. తుడుపాయన ఉన్ని టోపీ. స్టీరింగు మీద రెండు చేతులు.

“ఎడమ కాలు పూర్తిగా నొక్కాలి,” అంది ఆ ఆకారం గుసగుసగా. “ఆ తర్వాత... మెల్లిగా... మెల్లిగా...”

లెక్చరరుకి పైప్రాణాలు పైనే పోయాయి. తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. ఎవరూ పలక్కపోయేసరికి చేతులు జోడించి నేలమీద సాగిలపడ్డాడు.

“మావయ్యా... నాకొద్దు. ఈ కారు నాకొద్దు. నువ్వే ఉంచుకో.”

లోపల గుసగుస ఆగింది. తలుపు తెరుచుకుంది. కాలు కిందికి దిగింది... దాని చుట్టూ చీర కుచ్చిళ్ళు.

బ్యాటరీలాయన టార్చి వేశాడు.

అత్తయ్య.

చలికి ఆ స్వెట్టరూ టోపీ వేసుకుందట, వెలుగుకి ఫోను తెచ్చుకుందట. వంటింట్లో బియ్యం డ్రమ్ముల వెనక షెడ్డులోకి చిన్న తలుపుంది. లెక్చరరు పుట్టి బుద్ధెరిగాక ఆ వంటింట్లో అడుగుపెట్టింది లేదు కనక ఆయనకి తెలీదు.

ఆవిడ రోటర్లు రెండూ కొంగు ముడిలోంచి తీసి చూపించింది. మీ మావయ్య రోజూ రాత్రి దీన్ని తీసి దిండు కింద పెట్టుకునేవారు, కారు ఎవరైనా ఎత్తుకుపోతారని, అంది. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి ఎక్కించుకున్నారట. చీర రంగు సీటుకి అంటుతుందని కింద పాత దుప్పటి పరిచారట. మళ్ళీ ఎక్కమనలేదు. ఆయన పోయాక నిద్రపట్టని ఒక రాత్రి వచ్చి కూర్చుంది. బావుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. నేర్చుకోవాలనిపించింది. బండి నడిస్తే నువ్వు తీసుకుపోతావు కదా నాయనా, అందుకే, అంది.

లెక్చరరు లేచి బట్టలు దులుపుకున్నాడు. తను భయపడలేదనీ, పరీక్ష కోసం అలా అన్నాననీ మొదలుపెట్టాడు.

“పరీక్షో గిరీక్షో,” అంది అత్తయ్య. “కారు వద్దన్నావు. ఉంచుకోమన్నావు. ఈ అబ్బాయి సాక్షి.”

బ్యాటరీలాయన తలూపాడు. భయపడి ఇచ్చానంటే దెయ్యాలున్నాయని ఒప్పుకున్నట్టు. భయపడలేదంటే మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు. లెక్చరరు రెండు దార్లూ ఆలోచించి చూసి, జేబులోంచి తాళంచెవి తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం పొద్దున్నే అత్తయ్య కారు బయటికి తీసింది. పక్కన బ్యాటరీలాయన, వెనక సీట్లో లెక్చరరు. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. గేటు దగ్గర తిప్పడంలో కాస్త తేడా వచ్చి, స్తంభం కారుని ముందునుంచి వెనకదాకా బర్రున గీసింది. ఆ మీగడ రంగు మీద... అంత పొడుగు గీత.

అప్పుడు హారన్ మోగింది.

ఒక్కసారి కాదు. ఆగకుండా. గొంతు చించుకుని తిడుతున్నట్టు మోగుతూనే ఉంది. అత్తయ్య చేతులు రెండూ స్టీరింగు అంచు మీద ఉన్నాయి. బ్యాటరీలాయన దిగి బానెట్ ఎత్తాడు. చూసి, అలాగే నిలబడిపోయాడు.

వైరు కలిసిపోయిందా అని లెక్చరరు లోపలినుంచి కేకేశాడు.

బ్యాటరీలాయన హారన్ ఉండాల్సిన ఖాళీ చోటు వైపు వేలు చూపించాడు. హారన్ పాడైపోయిందని ముందురోజే విప్పి తీసుకెళ్ళాడు. అది తన షాపులో బల్ల మీద ఉంది.

అత్తయ్య ఇంజన్ ఆపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందుకి చూస్తూ కూర్చుంది. ముఖంలో భయం లేదు, కోపమూ లేదు.

“అరవండి,” అంది నెమ్మదిగా. “మీ అరుపు అయ్యాకే బయల్దేరతాం.”

అది ఇంకాసేపు మోగింది... సన్నబడింది... ఆగింది. బ్యాటరీలాయన బానెట్ దించి, వచ్చి పక్కన ఎక్కాడు.

ఆవిడ ఎడమ కాలు పూర్తిగా నొక్కి, గేరు వేసింది.