మెలకువగా చూసిపోతాను

పొద్దున్నే పాలు పొంగిపోయాయి. స్టవ్ ముందే నిలబడ్డ కూతురు చూసుకోలేదు. చెవులు రెండూ పక్కగదిలో అమ్మ మూలుగు మీదే ఉన్నాయి.

ఆమె పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీద వణికే ప్రతి మనిషి చెయ్యీ పట్టుకుని, "భయపడకండి, నేనిక్కడే ఉన్నాను" అని చెప్పి నిద్రపుచ్చడం ఆమె పని. అమ్మేమో ఒకప్పుడు కాన్పులు చేసిన నర్సమ్మ. జబ్బు ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నొప్పికి ఇంజెక్షన్లు చేతికందేలా ఇంట్లోనే ఉన్నాయి. ఆ మహాతల్లి ఒక్కటీ వేయించుకోదు! వేస్తే మగత కమ్మేస్తుందట.

"ఊరందరికీ నొప్పి తెలియకుండా చేస్తావు, కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాదా?" అన్నయ్య వంటింటి గుమ్మంలోనే విరుచుకుపడ్డాడు.

"వద్దంటోంది కదన్నయ్యా!"

"నొప్పిలో అన్న మాట పట్టుకుని కూర్చుంటావా? కునుకు పట్టినప్పుడు వేసెయ్. తనకి తెలీనే తెలీదు."

ఆమె స్టవ్ కట్టేసింది. తెల్లారినప్పటి నుంచి తనూ అదే అనుకుంటోంది మరి. సిరంజి నింపింది. అన్నయ్య వెనకాలే వచ్చాడు.

అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నరం సులువుగానే దొరికింది. సూది ఆనించబోయి ఆగిపోయింది కూతురు. చెప్పకుండా ఇంతవరకూ ఎవరినీ నిద్రపుచ్చలేదు తను.

"అమ్మా, ఇంజెక్షన్ వెయ్యనా?"

అమ్మ కళ్ళు తెరిచి ఇద్దరినీ చూసింది. అంత నొప్పిలోనూ నవ్వింది. "మీరు తట్టుకోలేకపోతే చెరోటీ వేసుకోండి."

"వేళాకోళమా?" అన్నయ్య బావురుమన్నాడు. "ఎందుకమ్మా ఈ పంతం?"

"పంతం కాదురా. పుట్టిన ప్రతి బిడ్డా ఏడుపు ఆగగానే కళ్ళు ఇంతలేసి చేసుకుని ఎటో చూస్తుంది. నేనూ చూసే ఉంటాను, గుర్తులేదు. పోయేటప్పుడైనా మెలకువగా చూసిపోతాను. ఓర్చుకోలేకపోతే నేనే అడుగుతాలే."

కూతురు సిరంజి పక్కన పెట్టేసింది. అన్నయ్య కూలబడి అమ్మ పాదాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. "అడుగు మరి, మొహమాటపడకు" అన్నాడు వెక్కుతూ.

ఆవిడ అడగలేదు. ఎండ మంచం దాకా వచ్చేసరికి మూలుగు ఆగింది, ఊపిరి తడబడింది. కూతురి చేతులు వణికాయి. ఆపరేషన్ గదిలో ఏనాడూ వణకని చేతులు! అమ్మ వాటిని పట్టుకుంది.

"భయపడకు, నేనిక్కడే ఉన్నాను" అంది.

తర్వాత తల కిటికీ వైపు తిప్పింది. కళ్ళు ఇంతలేసి అయ్యాయి. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏడుపు మరిచిపోయి అటే చూశారు. ఎదురింటి గోడ, దాని మీద ఎండ, అంతే.

"ఏం కనిపిస్తోందమ్మా?" అన్నయ్య గుసగుసగా అడిగాడు.

అమ్మ జవాబు చెప్పలేదు. చెప్పే తీరిక లేనట్టు, చూస్తూనే ఉంది.