నీళ్ళ మీద వంతు

పెంచలకృష్ణ ఆ పల్లెకి కొలతల టేపుతో వచ్చాడు.

గూడూరు బ్యాంకులో చదువుల లోన్లు చూసేది అతనే. దుర్గ అనే అమ్మాయి అప్లికేషన్‌లో, ఆస్తులు అన్న చోట, 'తాతల కాలం నుంచి పన్నెండు చోట్ల హక్కు' అని ఉంది. బుచ్చిరెడ్డిపాలెంలో వరి మళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడికి హక్కంటే గట్టూ, గట్టు పక్కన కాలవా తప్ప ఇంకేం తోస్తుంది? పన్నెండు చోట్లంటే గట్టి ఆసామీలే అనుకున్నాడు.

పులికాట్ ఒడ్డున దుర్గ చున్నీ నడుముకి బిగించి, వెదురు గడ పట్టుకుని పడవ దగ్గర నిలబడి ఉంది.

"చెప్పులు తీసి ఎక్కండి సార్."

"పొలానికి పడవలో పోవాలా?"

ఆమె గడతో పడవని ఒడ్డు నుంచి నెట్టింది. పెదవి చివర నవ్వు ఆగినట్టు అనిపించింది.

అరగంట తర్వాత సరస్సు మధ్యలో గడ దించి పడవ ఆపింది. "ఇది ఒకటోది."

పెంచలకృష్ణ చుట్టూ చూశాడు. నీళ్ళు. దూరంగా కొంగలు. వాటి వెనక మళ్ళీ నీళ్ళు.

"ఏదండీ?"

"మీ కిందే ఉండాది. కొలుచుకోండి, టేపు తెచ్చినారు గదా."

అతని ముఖం చూసి ఆమెకే జాలేసింది. "చేపలు బాగా పడే చోట్లు పన్నెండు సార్. అందరూ ఒక్కచోటికే ఎగబడితే కొట్లాటలే. అందుకని ఏడాదికొకసారి కుండలో చీటీలేసి తీస్తాం. మొదటిరోజు ఎవురిది ఏ చోటో చీటీ చెప్తాది. ఆ తర్వాత రోజుకో చోటు జరుగుతా పోతాం. ఈరోజు మెరకొచ్చినోడికి రేపు లోతొస్తాది."

"చీటీ ఎవరైనా తియ్యొచ్చా?"

"ఇంటి మనిషే తియ్యాల. ఊరు విడిచిపోయేవాళ్ళు తియ్యకూడదు. మా నాయన చేతికి ఎప్పుడూ మెరకే వస్తాదని ఆరేళ్ళుగా నేనే తీస్తా ఉండా."

పడవలో ఉప్పు కొలిచే మీటరు ఒకటి, తడిసి ఉబ్బిన నోటుబుక్కు ఒకటి ఉన్నాయి. మూడేళ్ళుగా పన్నెండు చోట్లా ఉప్పెంత, లోతెంత, ఏ చేప ఎంత పడింది, అన్నీ అందులో రాసి పెట్టింది. ఏడో చోటు ఇసకతో పూడిపోయిందని, దాన్ని చీటీల్లోంచి తీసెయ్యమని ఊరి పెద్ద గంగులయ్యకి ఆ పుస్తకం చూపించిందట. "చూద్దాంలే మ్మే" అన్నాడట ఆయన.

ఒడ్డుకి వచ్చాక పెంచలకృష్ణ నీళ్ళు నమలలేదు. "ఈ హక్కు మీద లోను రాదండీ. వస్తుందని ఆశ పెట్టి మిమ్మల్ని తిప్పడం నాకిష్టం లేదు."

దుర్గ ముఖం మాడిపోయింది. పోర్చుగల్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ, ఇలాంటి సరస్సుల మీదే. సీటు వచ్చింది. మే నెలాఖరులోగా డబ్బు ఎక్కడి నుంచి తెస్తుందో చూపించకపోతే ఆ సీటు పోతుంది.

"ఇది చెప్పేదానికా ఇంత దూరం వచ్చినారు?"

"ఆ యూనివర్సిటీలోనే బయటి దేశాలవాళ్ళకి స్కాలర్‌షిప్ ఉంది కదా. ఇంకా మూడు వారాల గడువుంది. ఎందుకు పెట్టలేదు?"

"అది టాపర్లకి. నాది మామూలు డిగ్రీ కాలేజీ."

అతను ఫైలులోంచి ఆమె వ్యాసం తీసి మొదటి వాక్యం చదివాడు. "'చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం.' నెలకి నలభై చదువుతానండీ ఇలాంటివి. అందరికీ ప్రాణమే."

"మరేం రాయమంటారు?" అంది దుర్గ కోపంగా.

"నన్ను పడవెక్కించి చెప్పారే, అది రాయండి."

ఆ తర్వాత మూడు ఆదివారాలు అతను పల్లెకి వచ్చాడు. మొదటి వారం ఆమె రాసిన దాంట్లో సగం కొట్టేశాడు. రెండో వారం అతను కొట్టేసిన దాంట్లో సగం ఆమె తిరిగి రాసింది. "ఇంగ్లీషు మీది, నీళ్ళు నావి. తెలవని దాంట్లో వేలు పెట్టొద్దు" అని దెబ్బలాడింది. వాళ్ళమ్మ మాలకొండమ్మ చేపల పులుసు వడ్డిస్తూ, బ్యాంకోళ్ళు ఆదివారం కూడా పని చేస్తారా అని అమాయకంగా అడిగింది. మూడో వారానికి అతనికి ముల్లు తీసుకోవడం వచ్చింది.

మే మొదట్లో, వేసవి వాన ఒకటి రేకుల మీద టపటపమంటున్న సాయంత్రం పెంచలకృష్ణ ఫోన్ మోగింది.

"వచ్చిందండీ. ఫీజూ, తిండీ, టికెట్టూ, అన్నీ వాళ్ళే ఇస్తారంట."

పెంచలకృష్ణకి గంతెయ్యాలనిపించింది. మరుక్షణమే ఇంకోటి తోచింది. ఆ అమ్మాయిని తనే దగ్గరుండి రెండేళ్ల దూరం పంపిస్తున్నాడు.

"లోను ఫైలు మూసేసినారా?" అంది ఆమె.

"మూసేశాను."

"అయితే ఆదివారం మీకిక్కడ పనుండదు."

"ఉండదు."



"రావద్దని నేను చెప్పినానా?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి అతను అమ్మ ఆదిశేషమ్మకి అంతా చెప్పేశాడు. ఆమె విని, "సెంటు పొలం లేదా?" అంది. "నీళ్ళేనా? పోన్లే, మనకుండే కరువు నీళ్ళకే గదా" అని వెళ్ళి పడుకుంది. అది ఒప్పుకోవడమో కాదో అతనికి తెలియలేదు.

ఆగస్టులో, దుర్గ ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చీటీల రోజు వచ్చింది. పల్లెంతా ఒడ్డున చేరింది. దుర్గ నాయన మాల్యాద్రి పేరు పిలిచారు. అలవాటుగా లేవబోయి దుర్గ మళ్ళీ కూర్చుంది. ఊరు విడిచిపోయే చెయ్యి అది.

మాల్యాద్రి తన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత జనం వెనక నిలబడ్డ పెంచలకృష్ణని చూశాడు.

"రా నాయనా. నువ్వు తియ్యి."

"ఈ సారు మీ ఇంటి మనిషెప్పుడైనాడు మాల్యాద్రీ?" అన్నాడు గంగులయ్య.

"మొన్న వాళ్ళమ్మ ఫోను చేసింది. పిల్ల చదువై వచ్చినాక పెళ్ళి చేద్దాం అనుకున్నాం. ఇంకెప్పుడు అవ్వాల?"

దుర్గ తండ్రిని చూసింది, పెంచలకృష్ణని చూసింది. అతనికీ ఇప్పుడే తెలిసిందని ఆ ముఖమే చెప్పింది.

"నీకిష్టమేనా మ్మే?" అన్నాడు మాల్యాద్రి.

"తియ్యమను నాయనా. చీకటి పడతా ఉంది" అంది దుర్గ, తల వంచుకుని.

పెంచలకృష్ణ కుండలోంచి చీటీ తీసి విప్పాడు. ఏడు.

ఇసక పూడిన చోటే వచ్చిందని ఒడ్డంతా గొల్లున నవ్వింది. మాల్యాద్రి నుదురు కొట్టుకుని, తన చెయ్యే నయమన్నాడు.

దుర్గ లేచి వచ్చి ఉప్పు మీటరు, నోటుబుక్కు అతని చేతిలో పెట్టింది.

"రేపు ఎనిమిదికి జరుగుతాం లే. ప్రతి ఆదివారం పన్నెండు చోట్లా కొలిచి నాకు పంపించాల. ఎగ్గొడితే ఊరుకోను."

"రెండేళ్ళూనా?"

"రెండేళ్ళే. తర్వాత నేనొచ్చి చూసుకుంటా."

"నువ్వొచ్చాక కూడా వస్తాను" అన్నాడు పెంచలకృష్ణ. ఆమెని నువ్వు అనడం అదే మొదటిసారి.

"ముందు గడ పట్టుకునేది నేర్చుకో" అంది దుర్గ, పడవ తాడు విప్పుతూ.