ప్రార్థన మనవిలో రౌటర్

జెస్సీ తలుపు తీసేసరికి శ్రీకృష్ణ గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. వాన నీళ్లు జుట్టులోంచి ముక్కు మీదికి, ముక్కు మీంచి టూల్‌బ్యాగ్ మీదికి కారుతున్నాయి.

"నెట్ కంప్లయింట్ అండీ. దయామణి గారు మళ్లీ ఫోన్ చేశారు."

"అవును, కంప్లయింట్ ఆవిడది. ఇవాళ రౌటర్ని పడగొట్టింది మాత్రం నేను."

శ్రీకృష్ణ ముక్కు తుడుచుకున్నాడు. ఆ వారంలో ఈ ఇంటికి రావడం మూడోసారి. వచ్చిన రెండుసార్లూ రౌటర్ బాగానే ఉంది. వెళ్లిన గంటకి మళ్లీ ఫోన్.

"బాగున్నదాన్ని పడగొట్టి నన్ను వానలో పిలిపించారా?"

"బాగుంటే పడుతుందా? లోపలికి రండి. బ్యాగ్ అక్కడే పెట్టండి, కారుతోంది."

"నేనూ కారుతున్నానండి."

"మీకు టవలిస్తాను. బ్యాగ్‌కి ఇవ్వను."

శ్రీకృష్ణది మంగినపూడి దగ్గర ఊరు. నాన్న చేపల వేటకి వెళ్తాడు, అమ్మ ముత్యాలమ్మ బందరు మార్కెట్లో చేపలమ్ముతుంది. అతను గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగానికి వెళ్లకుండా బందర్లో ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టాడు. రెండు వందల పైచిలుకు ఇళ్లు. మనిషి ఒక్కడే. ఫోనెత్తితే "శ్రీకృష్ణ నెట్" అనేదీ అతనే, స్తంభమెక్కేదీ అతనే.

జెస్సీది గుడివాడ. కంప్యూటర్లలో, రౌటర్లలో లోపాలు వెతికి పెట్టే హైదరాబాదు కంపెనీలో పని. నాయనమ్మ దయామణికి కాలు బెణికిందంటే బందరు వచ్చి, ఇక్కణ్నించే పని చేసుకుంటోంది.

దయామణి రిటైరైన నర్సు. మంచం మీంచే పలకరించింది.

"వచ్చావా బాబూ. అది నా మాట వినట్లేదయ్యా. పేరు మార్చుకోమంటే చచ్చిపోయి మళ్లీ లేస్తోంది."

సంగతి జెస్సీ చెప్పింది. జనవరి ఒకటిన చర్చిలో ఇంటింటికీ ఆ ఏడాదికని బైబిల్లోని వాగ్దాన వాక్యం ఒకటి కార్డు మీద ఇస్తారు. దయామణి ఆ వాక్యాన్ని ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టింది, ఫోన్ తెర మీద పెట్టుకుంది. మిగిలింది వైఫై పేరు.

"ఇంటికొచ్చినోళ్లు వైఫై వెతుక్కుంటే ముందు వాక్యం కనపడాలి," అంది దయామణి. "తప్పా?"

"తప్పు కాదండి," అన్నాడు శ్రీకృష్ణ. "కానీ పేరుకి ముప్పై రెండు అక్షరాలే పడతాయి."

"అది మీరనుకుంటున్నారు," అంది జెస్సీ. "రౌటర్ సెట్టింగుల పేజీ అక్షరాలు లెక్కపెడుతోంది. లోపల స్థలం మాత్రం ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా ఉంది. మన తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు సీట్లు తీసుకుంటుంది. ఎవరూ ఆపట్లేదు. మిగిలినవన్నీ పక్కనున్న దాని మీద పడుతున్నాయి."

"పడితే? రీస్టార్ట్ అవుతుంది. అంతేగా."

జెస్సీ అతని వైపు చూసింది. టవల్ తల మీద ఉండటం వల్ల అతను పూర్తిగా పెద్దమనిషిలా లేడు.

"మంగినపూడి ఆటో ఎప్పుడైనా ఎక్కారా?"

"పుట్టిందే అందులో అనుకోండి."

"వెనక నిండిపోతే జనం ఎక్కడ కూర్చుంటారు?"

"డ్రైవర్ పక్కన."

"అక్కడా నిండిపోయి, ఒకడు డ్రైవర్ సీట్లోకే జరిగి హ్యాండిల్ పట్టుకున్నాడనుకోండి. ఆటో ఎటు పోతుంది?"

"వాడు తిప్పినవైపు."

"నాయనమ్మ వాక్యం వెళ్లి డ్రైవర్‌ని తోసేసింది. ఆటో ఆగిపోయింది, అంతే. నడపడం తెలిసినవాడు ఎక్కితే?"

ఆమె లాప్‌టాప్‌లో ఏదో టైప్ చేసింది. రౌటర్ మీద లైట్లన్నీ ఒకేసారి ఆరి, ఒకేసారి వెలిగి, మళ్లీ ఆరాయి. ఆమె వేళ్లతో తాళం వేస్తే లైట్లు ఆ తాళానికి ఆడుతున్నాయి.

"పాస్‌వర్డ్ ఉందిగా!" అన్నాడు.

"అది అడగడానికి ముందే పేరు చదివేస్తోంది. ఇంకొకటి. ఈ పేజీ ఇంటి బయటికి కూడా తెరిచుంది. ఎవరు తెరిచారు?"

శ్రీకృష్ణ టవల్ తీసి మడతపెట్టాడు. తెరిచింది అతనే. వానలో ఇంటింటికీ తిరగకుండా షాపులో కూర్చుని అన్ని రౌటర్లూ సరిచేసుకోవచ్చని. ఆ ఉపాయం తన స్నేహితులకి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"అన్ని ఇళ్లకీనా?"

"అన్ని ఇళ్లకీ."

"తయారుచేసిన కంపెనీకి ఇవాళే రాస్తాను. వాళ్లు మందు పంపేదాకా నేను నోరు విప్పను. మీరు బయటి తలుపు మూసేసి, మీ కస్టమర్లకి చెప్పండి."

"చెప్తే సగం మంది విక్రమ్ నెట్‌కి వెళ్లిపోతారండి. వాడు కాచుక్కూర్చున్నాడు. నా షాపు మూసుకోవాల్సిందే."

"చెప్పకపోతే?"

"తలుపు మూసేస్తాను. చెప్పడం గురించి... చూద్దాం."

"చూడండి," అంది జెస్సీ. కాఫీ మాత్రం ఇచ్చింది. చక్కెర వెయ్యలేదు. మర్చిపోయిందా, కావాలని చేసిందా అని అతను షాపుదాకా ఆలోచించాడు.

రౌటర్ల బయటి తలుపు వెంటనే మూయలేదు. మూస్తే ప్రతి చిన్న కంప్లయింట్‌కీ బండి తియ్యాలి. రేపు మూద్దామనుకున్నాడు. మర్నాడూ అలాగే అనుకున్నాడు. మధ్యలో రెండుసార్లు దయామణి గారి నెట్ ఎలా ఉందో కనుక్కుందామని ఆ వీధికి వెళ్లాడు. నెట్ బాగానే ఉందని జెస్సీ గేటు దగ్గరే చెప్పింది. చెప్పడానికి రెండుసార్లూ అరగంట పట్టింది.

ఆదివారం సాయంత్రం కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో కాంతారావు గారు పెట్టిన మెసేజ్ ఇది:

"శ్రీకృష్ణ గారూ, మీ డబ్బాల్లో దొంగలు దూరే కన్నం ఉందట. దాని గురించి మా ఆవిడ మధ్యాహ్నం నుంచి ప్రార్థన చేస్తోంది. నిజమేనా?"

దాని కింద వరసగా ప్రశ్నలు. ఆ తరవాత విక్రమ్ ప్రకటన ఎవరో తెచ్చి పెట్టారు. 'కన్నాలు లేని నెట్ కావాలా? విక్రమ్ నెట్‌కి రండి.'

శ్రీకృష్ణ బండి తీశాడు.

"నోరు విప్పనన్నారు!" గేటు దగ్గరే మొదలుపెట్టాడు. "ఇదేనా మీ కంపెనీ పద్ధతి?"

"నేనెవరికీ చెప్పలేదు."

"మరి కాంతారావు గారి భార్యకి కలొచ్చిందా?"

"అరవకండి. నేను చెప్పలేదన్నాను."

"నేను చెప్పానయ్యా," అంది లోపల్నించి దయామణి.

ఇద్దరూ అటు తిరిగారు.

"స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడిగారు. నా కాలు గురించి చెప్పాను. తరవాత, పాపం ఆ శ్రీకృష్ణ బాబు, ఒక్కడే కష్టపడుతున్నాడు, వాడి డబ్బాలకేదో కన్నం పడిందట, దొంగల చేతికి చిక్కకుండా ప్రార్థన చెయ్యండమ్మా అన్నాను. నలభైమంది మోకాళ్లూనారు. తప్పా?"

జెస్సీ నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. శ్రీకృష్ణ మెట్ల మీద కూర్చున్నాడు.

"తప్పు కాదండి," అన్నాడు చివరికి. "నేను చెప్పాల్సింది మీరు చెప్పారు."

జెస్సీ అతని పక్కన ఒక మెట్టు వదిలి కూర్చుంది.

"బయటి తలుపు మూశారా?"

"లేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది శ్రీకృష్ణకి. అక్కడే ఫోన్ తీసి, ఆమె చూస్తుండగా, అన్ని ఇళ్ల తలుపులూ మూశాడు. గంట పట్టింది. తరవాత గ్రూపులో రాశాడు. లోపం నిజమేనని, బయటి తలుపు తెరిచింది తనేనని, తెలిసి కూడా ఇన్నాళ్లు ఆలస్యం చేశానని, ఇప్పుడు మూసేశానని, కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపగానే ఇంటింటికీ వచ్చి ఎక్కిస్తానని. పంపేముందు జెస్సీకి చూపించాడు.

"'క్షమించండి' లేదు," అంది.

రాశాడు. పంపాడు.

"ఇంకో సంగతి తెలుసా?" అన్నాడు. "విక్రమ్ వాడేది కూడా ఈ డబ్బాలే. ఇద్దరం ఒకే డీలర్ దగ్గర కొన్నాం. ఈ ముక్క ఇప్పుడు గ్రూపులో పెట్టాననుకోండి, వాడి ప్రకటన వాడి మెడకే చుట్టుకుంటుంది."

"పెడతారా?"

అతను టైప్ చేయడం మొదలుపెట్టాడు. తరవాత అంతా చెరిపేసి ఫోన్ కలిపాడు.

"విక్రమ్, నేను శ్రీకృష్ణని. ... తిట్టుకోవడం తరవాత. నీ డబ్బాలక్కూడా అదే కన్నం ఉంది. ... నిజం. బయటికి పేజీ తెరిచుంటే ఇప్పుడే మూసెయ్. ఎలాగో చెప్తాను, రాసుకో."

ఫోన్ పెట్టేసి చూస్తే జెస్సీ లోపలికి వెళ్లిపోయి ఉంది. కాసేపటికి కాఫీతో వచ్చింది. అందులో ఇద్దరికి సరిపడా చక్కెర ఉంది.

పదిహేనుమంది కనెక్షన్ తీసేయించుకున్నారు. మిగిలినవాళ్లు ఉన్నారు. కంపెనీ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక శ్రీకృష్ణ ఇంటింటికీ తిరిగాడు. శని, ఆదివారాలు జెస్సీ అతని బండి వెనక కూర్చుంది. స్త్రీల కూడికకి వచ్చేవాళ్లు తమ ప్రార్థన వల్లే కన్నం పూడిందని నమ్మి టీ ఇచ్చారు. కాంతారావు గారు మాత్రం కన్నం పూడ్చినట్టు రసీదు రాసి సంతకం పెట్టమన్నారు.

చివరి ఇల్లు శ్రీకృష్ణదే. ముత్యాలమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది. జెస్సీ దిగగానే లేచి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఎవర్రా?"

"జెస్సీ గారు. రౌటర్ లోపం కనిపెట్టింది ఈవిడే."

"రోజూ ఇంటికొచ్చి నువ్వు చెప్పే పిల్లేనా?"

"అమ్మా..."

"ఏరా, దాచేదా? రా అమ్మా, కూర్చో."

జెస్సీ లాప్‌టాప్ తెరిచింది. అప్‌డేట్ ఎక్కుతోంది. శ్రీకృష్ణ ఆమె వైపు, అమ్మ వైపు చూశాడు. రేపు చెప్దామనుకునే అలవాటు తనని ఎక్కడిదాకా తెచ్చిందో గుర్తుంది.

"అమ్మా, నాకీ అమ్మాయంటే ఇష్టం. ఆమెకింకా చెప్పలేదు."

జెస్సీ తలెత్తింది.

"నాకెప్పుడు చెప్దామనుకున్నారు?"

"అప్‌డేట్ అయిపోయాక."

ఆమె తెర వైపు చూసింది. "అయిపోయింది."

"అయితే... మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది. మీది చర్చి, మాది గంగమ్మ. మీ నాన్నగారేమంటారో, మా వాళ్లేమంటారో తెలీదు. ఎలా కుదురుతుందో అసలే తెలీదు."

"నాకూ తెలీదు," అంది జెస్సీ. "నాయనమ్మకి మాత్రం తెలుసు. నిన్న నన్నడిగింది, ఆ అబ్బాయి అడిగితే ఒప్పుకుంటావా అని. ఒప్పుకుంటానన్నాను."

"నాకు చెప్పలేదే!"

"మీరు అడగలేదు."

ముత్యాలమ్మ ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది. లోపలికెళ్లి రెండు కంచాలు తెచ్చి చాప ముందు పెట్టింది. ఒక దాంట్లో పెద్ద చేప ముక్క వేసింది.

"దేవుళ్ల సంగతి పెద్దోళ్లం కూర్చుని మాట్లాడుకుంటాం. ముందు తినండి. అమ్మాయ్, నీకు ముళ్లు తియ్యడం వచ్చా?"

"రాదండి."

"వాడు తీస్తాడు. కూర్చో."