ఆఖర్న కదిలిన క్వీన్

"చెక్!" అంటూ వీరదుర్గ క్వీన్‌ని టప్పున గడిలో పెట్టింది.

ఉదయ్‌కుమార్ కంగారుపడలేదు. గుర్రాన్ని తెచ్చి అడ్డం పెట్టాడు. ఆ గుర్రం రాజుకి కాపలా కాయడమే కాదు, క్వీన్ మీద కూడా కన్నేసింది. కాసేపటికి దుర్గ క్వీన్ బోర్డు బయట పడి ఉంది.

"నీ క్వీన్ కంటే పాసింజర్ రైలు నయమే దుర్గా! అదైనా స్టేషన్ స్టేషన్‌కీ ఆగుతుంది" అన్నాడు ఉదయ్. చుట్టూ ఉన్న పిల్లలంతా నవ్వారు.

లంచ్ అయిపోయిందని బెల్ మోగింది. దుర్గ మూతి ముడుచుకుని క్లాసుకి వెళ్లింది. రాజమండ్రిలో జరిగే చెస్ పోటీకి వాళ్ల స్కూలు నుంచి ఒక్కరినే పంపుతారు. అది దుర్గో, ఉదయో సోమవారం ఆటలో తేలుతుంది.

సాయంత్రం లెక్కల టీచర్ కనకవల్లి మేడమ్ ఎప్పటిలాగే దుర్గ కోసం బోర్డు పరిచారు.

"ముందు గుర్రం. తర్వాత ఈ బంటు ఒక్క గడి. దాని వెనక బిషప్. ఆపైన రాజుని మూలకి పంపి తలుపేసుకో."

"ఎవర్నీ కొట్టకుండా అన్నీ సర్దుకోవడమేనా మేడమ్? ఇదేం ఆటండీ!"

"సర్దుకున్నాక అన్నీ కలిసి అవతలి రాజు మీదికి వెళ్తాయి."

"అప్పటికి నాకు నిద్రొచ్చేస్తుందండి."

మేడమ్ నవ్వారు. అంతలో ఏటి వైపు నుంచి పంటు కూత వినిపించింది. నరసాపురం రేవు నుంచి జనాన్ని గోదావరి దాటించేది ఆ పంటే. మేడమ్ ఇల్లు అవతలి ఒడ్డున. ఆవిడ కిటికీలోంచి ఒకసారి అటు చూసి, మళ్లీ బోర్డు వైపు తిరిగారు.

"ఏదీ, మొదట్నుంచి పెట్టు."

దుర్గ ఆ చూపుని పట్టించుకోలేదు. ఊరికే చేతికొచ్చిన సరుకు ధర ఎవరడుగుతారు?

ఆదివారం నాన్న లోకనాథ్‌తో కలిసి దుర్గ పడవెక్కింది. బుల్లియ్య బాబాయ్ తెడ్డు వేస్తున్నాడు. నాన్న ఒక్కో బారా వలని నీళ్లలోకి వదులుతున్నాడు. పడవ చప్పుడు లేకుండా పెద్ద చుట్టు తిరుగుతోంది. చుట్టు పూర్తయ్యాక కర్రతో నీళ్లని బాదాలి. చేపలు బెదిరి పరిగెత్తి వలలో పడతాయి. ఆ బాదే పని ఈసారి దుర్గది. వారం రోజులు బతిమాలి సంపాదించుకుంది.

చుట్టు ఇంకా కలవలేదు. మధ్యలో ఒక చేప వెండిలా మెరిసి ఎగిరింది. దాని వెనకే ఇంకోటి.

"నాన్నా! అదిగో!" దుర్గ చెయ్యి ఆగలేదు. ధబ్‌మని కర్ర నీళ్లలో పడింది.

నీళ్లు ఒక్కసారి కలకబారాయి. మూయని సందులోంచి గుంపంతా జారిపోయింది. వల పైకి లాగితే నాచు, రెండు చిన్న పీతలు వచ్చాయి.

"చేపలకి కబురెట్టేశావేంటే అమ్మలూ!" అన్నాడు బుల్లియ్య బాబాయ్.

దుర్గకి ఏడుపొచ్చింది. నాన్న తిడతాడనుకుంది. నాన్న తిట్టలేదు. తడి వలని మళ్లీ మడత పెట్టడం మొదలెట్టాడు. తెల్లారగట్ల నుంచి పడ్డ పాటు ఒక్క దెబ్బకి ఏటిపాలైంది. ఇక మళ్లీ మొదట్నుంచే.

"బలంగానే కొట్టావమ్మా" అన్నాడు నాన్న కాసేపటికి. "సందు మూశామో లేదో చూసుకోవద్దా?"

ఎండెక్కాక రెండోసారి చుట్టు వేశారు. నాన్న తలూపేదాకా దుర్గ కర్రని ఒళ్లోనే పెట్టుకుంది. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు కాగింది.

సోమవారం ఆఖరి పీరియడ్‌లో ఆట మొదలైంది. దుర్గ గుర్రాన్ని బయటికి తెచ్చింది. బంటుని ఒక్క గడి జరిపింది. దాని వెనక బిషప్‌ని పెట్టింది. రాజుని మూలకి పంపింది.

"ఏంటే, జ్వరమా?" అన్నాడు ఉదయ్.

దుర్గ రెండో గుర్రం, మధ్య బంటు, ఏనుగు కదిలాయి. పిల్లలు ఆవలించారు.

కొంతసేపటికి దారి కనిపించింది. దుర్గ చెయ్యి క్వీన్ మీదికి వెళ్లింది. వెళ్లి, ఆగింది. ఉదయ్ రాజు ముందు గుర్రం ఇంకా కాపలా ఉంది. సందు ఇంకా మూయలేదు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మధ్య బంటుని ఒక్క గడి ముందుకి తోసింది. బంటు దెబ్బకి భయపడి ఉదయ్ గుర్రం పక్కకి తప్పుకుంది.

అప్పుడు దుర్గ గుర్రం ఆ ఖాళీ వైపు గెంతింది. అంచున ఉన్న బంటు ముందుకి నడిచింది. గుర్రం తప్పుకోవడంతో, చీకట్లో కూర్చున్నట్టున్న బిషప్‌కి దారి తెరుచుకుంది. అన్నిటికంటే ఆఖర్న క్వీన్ కదిలింది.

ఉదయ్ రాజుకి పారిపోవడానికి గడి లేదు. బోర్డు వైపు చాలాసేపు చూసి, చెయ్యి చాపాడు.

"ఇంత నిదానం ఎవరు నేర్పారే?"

"మేడమ్ గారు. నిన్న మా నాన్న వల కూడా" అంది దుర్గ.

సరిగ్గా అప్పుడే పంటు కూసింది. దుర్గ తల తిప్పింది. గోడవారన నిలబడి ఆట చూస్తున్న మేడమ్ బ్యాగు అందుకున్నారు కానీ, తొందరపడలేదు. దుర్గ ఆ బ్యాగు తీసుకుని ఆవిడతో రేవుకి నడిచింది. పంటు అప్పటికే నడి ఏట్లో ఉంది.

"వెళ్లిపోయిందండీ!"

"ఇంకోటి వస్తుందిలే. దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరతాను, ఎప్పటిలాగే."

ఎప్పటిలాగే. దుర్గ నడి ఏట్లోని పంటుని చూసింది. తను ఆవలించిన ప్రతి సాయంత్రానికీ ఇక్కడ ఒక పంటు వెళ్లిపోయింది.

"మా నాన్న మీకు పండుగప్ప చేప పంపుతానన్నాడు మేడమ్."

"మేం తినం కదే!"

"అందుకే వద్దన్నానండి" అంది దుర్గ. బ్యాగు ఆవిడ చేతికిస్తూ, "రేపట్నుంచి లంచ్‌లో నేర్పుతారా? బాక్సు గబగబా తినేసి నేనే బోర్డు పరుస్తాను. సాయంత్రం మీరు మొదటి పంటుకే వెళ్లిపోండి" అంది.

"మరి లంచ్‌లో ఉదయ్‌తో నీ ఆట?"

"వాణ్ణీ లాక్కొస్తానండి."

మేడమ్ దుర్గ జడ సవరించారు.

మర్నాడు సాయంత్రం స్కూలు వదలగానే దుర్గ రేవు గట్టు మీదికి పరిగెత్తింది. మొదటి పంటు ఒడ్డు వదిలింది. జనం మధ్యలో మేడమ్ గొడుగు కనిపించింది. ఏటి నిండా ఇంకా ఎండ ఉంది.

దుర్గ చెయ్యి ఊపింది. ఆవిడ ఇటు చూడలేదు. ఆవిడ చూసేదాకా దుర్గ అక్కడే నిలబడింది.